బతికున్న కలుగుల లెక్క

శనివారం పొద్దున్న ఆరింటికి డ్రిల్లు మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడి ఈల ఊదారు. స్టవ్వు దగ్గరున్న భార్యా, కళ్ళజోడు కోసం అలమరలో వెతుక్కుంటున్న తల్లీ ఉలిక్కిపడలేదు సరికదా, తలైనా తిప్పలేదు. బడిలో పిల్లల చేత ఇరవై ఏళ్ళుగా పరుగులు పెట్టిస్తున్న మనిషి ఆయన. పాలు పొంగుతున్నాయని చెప్పాలన్నా ముందు ఈల ఊదాల్సిందే.

"అందరూ వినండి. ఇవాళ సాయంత్రం అయిదింటికి చేలో కలుగులన్నీ మట్టితో మూసేస్తాం. రేపు పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెడతాం. ఈలోగా చేలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. నాతో సహా."

"మీరు ఉండగలిగితే మేం ఉండలేమా?" అంది భార్య, టీ వడకడుతూ.

"తెరుచుకుంటే ఏమైనట్టురా?" అని తల్లి అలమరలో తల పెట్టే అడిగింది.

"తెరుచుకుంటే లోపల పందికొక్కు బతికున్నట్టమ్మా. మూసిన మట్టిని అదే తోసుకుని బయటికొస్తుంది. మూసింది మూసినట్టే ఉంటే ఆ కలుగు ఖాళీ అన్నమాట."

మాస్టారు ఇంత వివరంగానే చెప్పారు. కానీ సరిగ్గా అప్పుడే కళ్ళజోడు దొరకడంతో పెద్దావిడ ఆ సంతోషంలో పడి, మొదటి సగం అసలు వినలేదు, రెండో సగంలో 'ఖాళీ' అన్న మాట ఒక్కటే పట్టుకుంది. తర్వాత జరిగిన దానికి ఎవరెవర్నో తిట్టుకున్నారు గానీ, న్యాయంగా చూస్తే ఆ కళ్ళజోడునే తిట్టాలి.

పెరటి తలుపు తీస్తే ఎదురుగా గడ్డిచేను. రెండెకరాలు. చేను మామగారిది, పెంపకం మాస్టారిది. మామగారికి పాలకేంద్రం ఉంది, నలభై ఆవులున్నాయి, ఇద్దరు అల్లుళ్ళున్నారు. ఈ మూడింటిలో ఆయన నోరారా పొగిడేది ఆవుల్నే. నిరుడు కొత్తగా గడ్డి కోసే యంత్రం కొని చేలోకి దింపితే, పందికొక్కులు తోడిపోసిన మట్టి కుప్పలకి తగిలి రెండు కత్తులు విరిగాయి. కోసిన గడ్డిలో సగం మట్టే. ఆవులు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. తిప్పుకున్న మొహాలతో సరాసరి తనవైపే చూశాయని మామగారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకే ఈ ఏడు ఆయన ఖచ్చితంగా చెప్పేశారు.

"అల్లుడుగారూ, ఒకటే మాట. కోతల నాటికి ఆ చేలో తవ్వే ప్రాణులు పది లోపు ఉండాలి. పది ఉన్నా ఒప్పుకోను. తొమ్మిదైతే యంత్రం దింపుతా, చేను మీ దగ్గరే ఉంటుంది. లేదంటారా, పెద్దల్లుడుగారికి ఇచ్చేస్తా. ఆయన షెడ్డు వేసి పలకలు పేర్చుకుంటాడట. పలకల్ని పందికొక్కులు తినవు."

పెద్దల్లుడు, అంటే మాస్టారి తోడల్లుడు, స్నానాల గదుల పలకలు అమ్ముతాడు. ఆ మాట విన్నప్పుడు అతను వినయంగా తలవంచుకున్నాడు. అలా వంచుకునే, షెడ్డుకి ఎన్ని స్తంభాలు కావాలో చూపుడు వేలితో ప్యాంటు మీద గీసుకున్నాడు.

మాస్టారికి ఆ చేను మీద ప్రాణం. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేసిందల్లా ఇతరులు పరిగెత్తడానికి సున్నంతో గీతలు గీయడమే. తన చేతుల మీదుగా ఏదైనా మొలిచి, ఎదిగి, గాలికి ఊగడం ఆ గడ్డితోనే మొదలు. సాయంత్రం బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి పావుగంట ఊరికే నిలబడి చూసేవారు. అది పోతుందంటే ఆయనకి అన్నం సహించడం లేదు.

అందుకే పదిహేను రోజులు నడుం వంచి పని చేశారు. ఆవులు తినే గడ్డి కాబట్టి విషం వాడకూడదన్నారు వ్యవసాయ కార్యాలయం నుంచి వచ్చిన ఎలుకల ఆఫీసరు. సరేనని మాస్టారు గట్ల మీద పొదలు నరికారు. గుడ్లగూబలు వాలడానికి చేలో అక్కడక్కడా అడ్డకర్రలు పాతారు. కలుగుల ముందు బోన్లు పెట్టారు. ఒకరోజు పొగ యంత్రం తెచ్చి ఒక కలుగులోకి పొగ కొడితే అది పెరట్లో ఆరేసిన దుప్పట్ల కింద నుంచి లేచింది. మూడు రోజులపాటు ఆ ఇంట్లో అందరూ పొగ వాసనతో నిద్రపోయారు. పందికొక్కులు మాత్రం ఎలా ఉన్నాయో తెలియలేదు.

సాయంత్రం అయిదింటికి మామగారు సాక్షిగా వచ్చారు, రోజూలాగే కూతురికి చిన్న క్యాను నిండా పాలు తీసుకుని. మాస్టారు ఈల ఊదారు, పని మొదలైంది. కనబడ్డ ప్రతి కలుగునీ మట్టితో మూసి, పక్కన అంకె రాసిన కాగితపు జెండా గుచ్చి, చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీశారు. ఆ చివరి గీత అవసరం లేదని ఆఫీసరు అన్నారు గానీ, సున్నం గీత లేని పోటీ పోటీయే కాదని మాస్టారి నమ్మకం. చీకటి పడేలోగా నూట పద్దెనిమిది కలుగులు మూశారు.

"మీరు పదండి. నేనిలా కాసేపు గాలికి నిలబడి వస్తా," అన్నారు మామగారు.

ఆయన వచ్చేసరికి పావుగంట పట్టింది. పాల క్యాను అందుకున్న పెద్దావిడ, "మూతేదీ అన్నయ్యగారూ?" అంది.

"దారిలో ఎక్కడో పడుంటుంది చెల్లెమ్మగారూ," అంటూ ఆయన జీపెక్కేశారు. పెద్దావిడ క్యాను మీద ఒక పళ్ళెం బోర్లించి ఆ సంగతి అక్కడితో మర్చిపోయింది.

ఆదివారం అయిదింటికల్లా మాస్టారు ముందు గదిలో కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నారు. వెళ్ళి చూడాలని కాళ్ళు లాగుతున్నాయి. కానీ రూలు రూలే. ఈ విషయంలో ఆయనకి పెద్ద పేరుంది. పెళ్ళైన ఏడాది బడి వార్షికోత్సవంలో నిమ్మకాయ చెంచా పందెంలో అందరికంటే ముందొచ్చిన సొంత భార్యని, నిమ్మకాయకి బొటనవేలు ఆనించిందని మైకులో చెప్పి మరీ పోటీ నుంచి తప్పించారు. పదకొండేళ్ళయింది. ఆ నిమ్మకాయ సంగతి ఇప్పటికీ నెలకోసారైనా ఆ ఇంట్లో వినబడుతుంది.

ఆవిడే ఇప్పుడు తలుపు సందులోంచి మొగుణ్ణి చూసింది. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ఈలని నలుపుతున్న ఆ మనిషిని చూస్తే జాలేసింది. నిమ్మకాయని కాసేపు పక్కన పెట్టింది. చెప్పులు విప్పి, పెరటి తలుపు చప్పుడు కాకుండా తీసి చేలోకి నడిచింది.

ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుట్టే మనిషి. ఒకసారి చూసిన అంకె మర్చిపోదు. నూట పద్దెనిమిది జెండాలూ తిరిగింది. తెరుచుకున్నవి నాలుగే నాలుగు: తొమ్మిది, ఇరవై ఏడు, అరవై ఒకటి, నూట నాలుగు. నాలుగంటే పది లోపే కదా, వదిలేసి రావచ్చు. కానీ మొగుడి మీద జాలి ఒకసారి పుడితే అది లెక్కల్లో ఆగదు. సున్నా అయితే ఇంకా బాగుంటుందనుకుంది. నాలుగింటినీ కాలితో తొక్కి మూసి, కాళ్ళు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చి టీ పెట్టింది.

ఆవిడ స్టవ్వు వెలిగిస్తుండగా పెద్దావిడ చేతికర్ర పట్టుకుని పెరటి తలుపు దాటింది. రాత్రంతా ఆలోచించి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి పోతే ఏం చేస్తారు? తలుపులు బార్లా తీసి పోతారు. మూసి ఉందంటే లోపల కాపురం ఉన్నట్టే. మనుషులకి ఏది న్యాయమో పందికొక్కులకీ అదే న్యాయం. చూస్తే నూట పద్దెనిమిది ఇళ్ళూ మూసే ఉన్నాయి.

"ఒక్కటీ కదల్లేదు! నా కొడుకు కొంప ముంచేశాయి కదరా," అని పెద్దావిడ గొణుక్కుంది. కర్ర మొన మట్టిలో గుచ్చి, తిప్పి, మొదటి ఇంటి తలుపు తీసింది. తర్వాత రెండోది. అలా వరస తప్పకుండా ముప్ఫై ఇళ్ళు ఖాళీ చేయించేసరికి నడుం పట్టేసింది. ఇక చాలు, మరీ అన్నీ ఖాళీ అయితే ఎవరూ నమ్మరు అనుకుని తృప్తిగా ఇంట్లోకి వచ్చి, కోడలు ఇచ్చిన టీ తాగింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇద్దరూ లోలోపల నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు అంత సఖ్యంగా టీ తాగి చాలాకాలమైంది.

ఏడింటికి రోడ్డు వైపు నుంచి తోడల్లుడు వచ్చాడు. స్కూటరు దూరంగా ఆపి, అటూ ఇటూ చూసి, గట్టు దిగాడు. అతని పథకం సూటిగానే ఉంది. ఒక ఇరవై కలుగులు చేత్తో తెరిచేసి పోవడం. తీరా చూస్తే మొదటి మూడు వరసలూ అప్పటికే బార్లా తెరిచి ఉన్నాయి. అతని మొహం వెలిగిపోయింది. మరుక్షణం వంగి చూస్తే, ప్రతి కలుగు అంచునా గుండ్రటి కర్ర గుర్తు స్పష్టంగా ఉంది. వెలిగిన మొహం ఆరిపోయింది. ఏ పందికొక్కూ చేతికర్ర పట్టుకు తిరగదు. ఇది ఎవరో చేశారని మామగారు కనిపెడితే అందరూ ముందు చూసేది ఎవరి వైపు? చెయ్యని పాపానికి చేను చేజారడం తోడల్లుడికి అన్యాయంగా తోచింది. చెయ్యడానికే వచ్చానన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మరీ అనుమానం రాకుండా, అలాగని పదికి తగ్గకుండా, ఒక పదిహేను, పదహారు ఉంచి మిగతావి మూసేద్దామని కూర్చున్నాడు. పద్నాలుగోది మూస్తుండగా జీపు చప్పుడు వినబడింది. కంగారుగా లేచి రెండు వరసలు దాటేసరికి కుడికాలు చీలమండ దాకా మట్టిలో దిగబడింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఒంటి బూటుతో గెంతుకుంటూ గట్టెక్కి, కుడికాలు ఎడమకాలి వెనక దాచి, అప్పుడే వచ్చినవాడిలా నిలబడ్డాడు.

జీపులోంచి మామగారూ, ఆయన పక్కనుంచి ఎలుకల ఆఫీసరూ దిగారు. ఈ ఆఫీసరు పందికొక్కుల గురించి మాట్లాడితే ఎవరో పెద్దమనుషుల గురించి మాట్లాడినట్టుంటుంది. 'అవి' అనరు, 'వాళ్ళు' అంటారు. లెక్కకి రెండు షరతులు పెట్టారు. ఇటునుంచి అటు ఒకసారి, అటునుంచి ఇటు ఒకసారి లెక్కపెట్టాలి. రెండూ సరిపోతేనే ఫారం నింపుతారు.

మాస్టారు ఈల ఊదారు. లెక్క మొదలైంది.

"పదహారు," అన్నారు ఆఫీసరు చివరి జెండా దగ్గర నిలబడి.

మాస్టారి మొహం మాడిపోయింది. మామగారు మీసం సవరించుకున్నారు. ఆయన మీసం సవరించుకోవడం తిట్టడం కన్నా భయంకరంగా ఉంటుంది. భార్య మాత్రం తన నాలుగు అంకెలూ మళ్ళీ లెక్క వేసుకుంది. తను ఒక్కటి కూడా మిగల్చకుండా మూసి వస్తే పదహారెక్కడివి?

"టీ తాగి రెండోసారి లెక్కపెడదాం," అన్నారు ఆఫీసరు.

ఆ టీయే పుట్టి ముంచింది. భార్య ఫ్లాస్కు పట్టుకుని ఒక్కొక్కరికీ టీ పోస్తూ వరసల మధ్య తిరిగింది. తిరుగుతూ చీర కుచ్చెళ్ళ చాటున కాలితో ఒక్కొక్క కలుగూ మూసుకుంటూ పోయింది. అటువైపు నుంచి పెద్దావిడ, 'పాపం, పదహారే ఖాళీ అయ్యాయని కాబోలు నా కొడుకు మొహం మాడ్చుకున్నాడు' అనుకుని, జెండాలు చూస్తున్న వంకతో కర్ర గుచ్చుకుంటూ వచ్చింది. చేను మధ్యలో అత్తాకోడళ్ళు ఎదురుపడ్డారు.

"టీ కావాలా అత్తయ్యా?"

"తర్వాత తాగుతాలేమ్మా. నువ్వు కానియ్యి."

ఒకరు మూసిన దారిలో ఒకరు, ఒకరు తెరిచిన దారిలో ఒకరు సాగిపోయారు. ఇక తోడల్లుడు మూడో పని మీద ఉన్నాడు. బూటు ఏ కలుగులో దిగబడిందో గుర్తులేదు. మెల్లిగా కూర్చుని కనబడ్డ కలుగులోనల్లా మోచేతి దాకా చెయ్యి పెట్టి తడుముతున్నాడు. బూటు దొరకలేదు గానీ, ఒకచోట లోపలి నుంచి ఎవరో వేలు కొరికారు. అరవడానికి వీల్లేని పరిస్థితి కాబట్టి దగ్గాడు.

రెండో లెక్క ముప్ఫై మూడు వచ్చింది.

ఆఫీసరు టోపీ తీశారు. మళ్ళీ మొదటికి వెళ్ళి చూశారు. ఇందాక తెరిచి ఉన్న పన్నెండో నంబరు ఇప్పుడు మూసి ఉంది. ఇందాక మూసి ఉన్న నలభయ్యోది బార్లా తెరిచి ఉంది. అలవాటు కొద్దీ మూడోసారి లెక్కపెట్టారు. ఇరవై అయిదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇరవై రెండేళ్ళ సర్వీసండీ నాది," అన్నారు. "రాత్రిపూట తెరవడం చూశాను. పట్టపగలు, మనుషులు టీ తాగుతుండగా, తెరిచి, మూసి, మళ్ళీ తెరవడం ఎక్కడా చూళ్ళేదు. వీళ్ళు మామూలు వాళ్ళు కాదు. కొత్త జాతి!"

"కొత్త జాతో పాత జాతో, యంత్రం దింపమంటారా వద్దా?" అన్నారు మామగారు.

"యంత్రమా! పెద్ద కార్యాలయం వాళ్ళొచ్చి చూసేదాకా గడ్డిపోచ కూడా కదలడానికి వీల్లేదు. చుట్టూ కంచె వేయిస్తాను. ఒక్క పంటకాలం చాలు, అంటే ఆరు నెలలు."

మామగారి మొహం కందగడ్డైంది. "ఆర్నెల్లు నా నలభై ఆవులూ ఏం తినాలి? మీ ఫారాలా?" తోడల్లుడికీ మతిపోయింది. కంచె వేస్తే షెడ్డెక్కడ? మాస్టారు మాత్రం ఎవర్నీ చూడటం లేదు. నడుం ఎత్తున ఊగుతున్న గడ్డిని చూస్తున్నారు. వారంలో కోయకపోతే అది ముదిరి పుల్లలైపోతుంది. ఆ పైన చేను ఎవరికిచ్చినా తనకి మాత్రం ఇవ్వరు. ఏడుపొచ్చినంత పనైంది. తల దించుకున్నారు.

దించుకోవడం మంచిదైంది. ఎదురుగా భార్య పాదాలు కనిపించాయి. తెల్లగా, మడమ దాకా సున్నం. పక్కన తల్లి చేతికర్ర. దాని మొన తెల్లగా ఉంది. కాస్త అవతల తోడల్లుడి మోచెయ్యి తెల్లగా ఉంది, బూటు లేని మేజోడు ఇంకా తెల్లగా ఉంది.

మాస్టారు ఈల అందుకుని, ఆ ఏడాది అంతటికీ కలిపి ఒక్కసారే ఊదారు.

"ఎక్కడి వాళ్ళక్కడే! కదలొద్దు!"

ఏళ్ళ తరబడి అలవాటైన కుటుంబం కాబట్టి ఎవరూ కదల్లేదు. భార్య ఒక కాలు కలుగు మీద పెట్టి నిలబడిపోయింది. పెద్దావిడ కర్ర ఇంకో కలుగులో ఆగిపోయింది. తోడల్లుడు రెండో చెయ్యి భుజం దాకా కలుగులో పెట్టి ఉండి, తల పైకెత్తి నవ్వడానికి ప్రయత్నించాడు.

"కొత్త జాతి వీళ్ళేనండీ," అన్నారు మాస్టారు ఆఫీసరుతో.

నిజాలన్నీ ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. పెద్దావిడ తన సిద్ధాంతం చెప్పేసరికి మాస్టారు తల పట్టుకున్నారు.

"అమ్మా! మూసి ఉంటేనే ఖాళీ అని నిన్న చెప్పానా లేదా?"

"అదేం లెక్కరా? ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు పోతూ పోతూ మట్టితో తలుపు మూసి పోతారా? ఇలాంటి లెక్కలు పెట్టుకుంటే చేలు పోక ఏమవుతాయి?" అని ఆవిడ తిరిగి కొడుకునే కోప్పడింది. తర్వాత ఏదో గుర్తొచ్చి, "అన్నీ ఒకెత్తు. ఆ మూల ఎనభై ఎనిమిదో ఇంటివాడు మాత్రం బాగా ఉన్నవాడురా. ఇనుప తలుపు పెట్టించుకున్నాడు. కర్ర గుచ్చితే ఠంగుమంది," అంది.

ఆఫీసరు పరుగెత్తారు. మట్టి తప్పిస్తే గుండ్రటి పాల క్యాను మూత బయటపడింది, మీద పాలకేంద్రం ముద్రతో సహా. దాని కింద నుంచి ఎవరో విసుగ్గా గోకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన ఆకాశం వైపు చూశారు. అక్కడ చూడదగిందేమీ లేదు.

"నాన్నా?" అంది కూతురు.

"ఏం చెయ్యమంటావే? నిన్న మూశాక నేనిక్కడ నిలబడితే, ఆ మూల కలుగులోంచి ఒకటి తల బయటపెట్టి నన్ను చూసింది. పదిహేను రోజులు ఈయన ఎండలో పడ్డ పాట్లు నేను రోజూ జీపులోంచి చూస్తూనే ఉన్నా. వెధవ పందికొక్కు ఒకటి ఎక్కువై చేను పోతుందంటే..." అని మామగారు మీసం లాక్కున్నారు. "చేతిలో మూత ఉంది. పెట్టేశా."

పెళ్ళైన పదకొండేళ్ళలో మామగారు మాస్టారిని ఒక్క మంచి మాట అన్నది లేదు. ఇప్పుడూ అనలేదు, మూత పెట్టారు. మట్టి కొట్టుకున్న ఆ మూతని మాస్టారు చొక్కాతో తుడిచి రెండు చేతులా పట్టుకున్నారు. అంత సంతోషం ఆయన జీవితంలో ఏ కప్పు అందుకున్నప్పుడూ కలగలేదు.

ఆఫీసరు టోపీ పెట్టుకున్నారు. కొత్త జాతి పోయినా పాత ఉద్యోగం ఉంది కదా. మాస్టారి భార్య అందరికంటే ముందు వెళ్ళింది కాబట్టి ఆవిడ చూసినవే అసలు లెక్క అన్నారు. ఆవిడ నాలుగు అంకెలూ తడుముకోకుండా చెప్పింది. వెళ్ళి చూస్తే ఆ నాలుగింటి దగ్గరే తోసిన మట్టి బయటివైపు పరుచుకుని ఉంది, లోపల కొరికిన పచ్చి గడ్డి ఉంది. మిగతా అన్నిటిలో మట్టి లోపలికి పడి ఉంది, అంటే పైనుంచి మనుషులు పొడిచినవి.

"నాలుగూ, మూత కింద పెద్దమనిషి ఒకరూ. అయిదు. పది లోపే. యంత్రం దింపుకోవచ్చు," అన్నారు ఆఫీసరు.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు తోడల్లుడు, కాటు పడ్డ వేలు పైకెత్తి. చేను చేజారుతుంటే మనిషికి ఎక్కడలేని తెలివీ వస్తుంది. "మామయ్యగారు అన్న మాట ఏంటి? తవ్వే ప్రాణులు పది లోపు ఉండాలన్నారు. పందికొక్కులని అన్నారా? లేదు. మరి మేం తవ్వలేదా? నేనూ ప్రాణినే. నన్నూ లెక్కెయ్యండి!"

మామగారు మాటంటే మాటే అనే మనిషి. ఇరకాటంలో పడ్డారు. "అన్నాను. అలాగే అన్నాను," అని ఒప్పుకున్నారు.

ఆఫీసరు పెన్ను తీశారు. "అయితే అయిదు. మీరు ఆరు. మాస్టారి తల్లిగారు ఏడు. భార్యగారు ఎనిమిది. మూత పెట్టడానికి మీరూ కాస్త తవ్వే ఉంటారు కదండీ?"

"బెత్తెడు," అన్నారు మామగారు నీరసంగా.

"తొమ్మిది."

"పదోవాడు తమ్ముడు!" అని తోడల్లుడు మాస్టారి వైపు వేలు చూపించాడు. "చేను పోతుందని ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి, తెల్లవారుజాము నుంచీ ముందు గదిలో ఊరికే కూర్చున్నాడంటే ఎవరు నమ్ముతారు? ఇంతమంది ముట్టుకున్నారు, తను ముట్టుకోలేదా? ఎవరైనా నమ్ముతారా చెప్పండి!"

గాలికి జెండాలు టపటపలాడాయి. పది అయితే చేను పోయినట్టే. మాస్టారు నోరు విప్పి తన తరఫున తనే చెప్పుకోవడానికి మొహమాటపడ్డారు.

"నేను నమ్ముతాను," అంది భార్య.

అందరూ ఆవిడ వైపు చూశారు.

"గెలిచిన పెళ్ళాన్ని, నిమ్మకాయకి బొటనవేలు తగిలిందని మైకులో అరిచి బయటికి పంపిన మనిషి బావగారూ ఈయన. ఈయన రూలు తప్పడమా? తప్పే మనిషైతే ఆరోజు ఆ స్టీలు బిందె నాకే వచ్చేది." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "పదకొండేళ్ళు తిట్టాను. ఇవాళ్టికి పనికొచ్చింది."

తోడల్లుడు కూడా ఆ బిందె కథ పదకొండేళ్ళుగా వింటున్నవాడే. వేలు దించేశాడు. మాస్టారు భార్య వైపు తిరిగి ఈల తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆ ఈల వేరే చేతిలోకి వెళ్ళడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

పదింటికి యంత్రం చేలోకి దిగింది. ఆవిడ ఈల ఊదితేనే దిగింది. కత్తులు విరగలేదు. మూడో మోపులో తోడల్లుడి బూటు దొరికింది, బొటనవేలి దగ్గర చక్కగా గుండ్రంగా కొరికి ఉంది. ఆఫీసరు జీపు బానెట్టు మీద ఫారం పరిచి, తవ్వు ప్రాణుల వివరం అన్నచోట 'పందికొక్కులు అయిదు, బంధువులు నలుగురు, మొత్తం తొమ్మిది' అని రాసి మామగారి చేత సంతకం పెట్టించుకున్నారు. ఇక నివారణ మార్గాలు అన్న గడి ఒక్కటే మిగిలింది. ఆయన కాసేపు ఆ నలుగురి వైపూ చూసి, ఆలోచించి, అందులో ఇలా రాశారు: "పందికొక్కులకు బోన్లు చాలును. బంధువులకు మా శాఖ వద్ద మందు లేదు."